ఒక్క చెంబుతో ఆధునిక చిత్రకళ నేర్చుకోవడం ఎలా

"చెంబును చెంబులా వేయడం వచ్చినవాడు దాన్ని వంకరగా ఎందుకు వేస్తాడు మాస్టారూ?" ఆధునిక చిత్రకళ మాట ఎత్తగానే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. పిల్లలు అడుగుతారు, వాళ్ళను దిగబెట్టడానికి వచ్చిన తాతలూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌లో పికాసో బొమ్మ చూపించి నాలుగు ఇజాల పేర్లు చెబితే పిల్లలు బట్టీ పడతారు గానీ ఆ వంకర ఎందుకొచ్చిందో వాళ్ళకు తెలియదు. అందుకని ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఆదివారాలు నా దగ్గరకు వచ్చేవాళ్ళ చేత ఒకే చెంబును మళ్ళీ మళ్ళీ వేయిస్తాను. మొదటిసారి అకాడమీ, అంటే పాత పారిస్ చిత్రకళా సంస్థ, పెట్టిన నియమాలన్నీ పాటించాలి. ఆ తర్వాత ఒక్కో షీటు మీద ఒక్కో నియమాన్ని వదిలెయ్యాలి. ఆధునిక చిత్రకళ పుట్టిన తీరు కూడా అదే. ఎవరో ఒకరోజు వచ్చి పాతదంతా పడగొట్టలేదు. సుమారు అరవై ఏళ్ళ పాటు ఒక్కొక్కరు ఒక్కో నియమాన్ని పట్టుకుని, ఇది లేకపోతే బొమ్మ నిలుస్తుందా నిలవదా అని వేసి చూశారు. ఆ పరీక్షలనే మనం ఇంట్లో మళ్ళీ చేస్తాం.

ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో సీటు కోసం తయారయ్యే పిల్లలకు, ఆంధ్రా వైపు వెళ్ళి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసేవాళ్ళకు, మా సరిహద్దు బడుల్లో బొమ్మలు నేర్పే టీచర్లకు ఇది బాగా పనికొస్తుంది. చిన్నప్పుడు బొమ్మలు వేసి తర్వాత మానేసినవాళ్ళు కూడా నిక్షేపంలా మొదలుపెట్టవచ్చు.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. ఒక రాగి చెంబో ఇత్తడి చెంబో తీసుకోండి. చింతపండుతో తోమి తళతళలాడేది వద్దు. వాడుకలో కాస్త మసకబారినదైతే మంచిది. మరీ మెరిసే చెంబులో గదంతా కనబడి మొదట్లోనే తికమక పెడుతుంది. ఒక ఎర్ర గళ్ళ తువ్వాలు, మూడు పళ్ళు ఉండాలి. వేసవిలో మా వైపు జీడిమామిడి పళ్ళు దొరుకుతాయి. చూడ్డానికి చాలా అందమైన ఆకారం, కానీ తొందరగా మెత్తబడిపోతాయి. ఆదివారాల మధ్య ఆగి వేసేవాళ్ళు జామకాయలో బత్తాయిలో పెట్టుకోండి. డ్రాయింగ్ షీటును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో బొమ్మకు సరిపోతుంది. 2బి, 6బి పెన్సిళ్ళు, పోస్టర్ కలర్లు, ఒక సన్న బ్రష్షు, ఒక చదును బ్రష్షు, పాత పేపర్లు, మైదా జిగురు. అంతే.

మొదటి షీటు: అకాడమీ చెప్పినట్టు

ఈ షీటుకు అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. దీన్ని ఎగ్గొట్టి నేరుగా క్యూబిజంలోకి, అంటే ఒకే వస్తువును అన్ని వైపుల నుంచీ ముక్కలుగా వేసే పద్ధతిలోకి, దూకినవాళ్ళ బొమ్మల్లో వంకర మాత్రమే మిగులుతుంది. ఏ నియమాన్ని వదులుతున్నామో చేతికి తెలియకపోతే, వదలడానికి అర్థమే ఉండదు.

గదిలో ఒక్క కిటికీ తెరిచి, మిగతావి మూసేయండి. వెలుగు ఎడమ నుంచి పడాలి. స్టూలు మీద తువ్వాలు పరిచి, దాని మీద చెంబు, చెంబుకు ముందు రెండు పళ్ళు, పక్కగా ఒకటి పెట్టండి. మీ కుర్చీ కాళ్ళు ఎక్కడున్నాయో నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు పెన్సిల్ పట్టిన చేతిని మోచెయ్యి మడవకుండా చాచి, ఒక కన్ను మూసి, చెంబు ఎత్తును, వెడల్పును కొలవండి. ఈ మూసిన కన్నును, కదలని కుర్చీని గుర్తుంచుకోండి. అకాడమీ పర్‌స్పెక్టివ్, అంటే దూరాన్నీ లోతునూ కాగితం మీద చూపే పద్ధతి, అంతా ఈ రెండిటి మీదే నిలబడింది.

చెంబు నోరు దగ్గర అందరూ తడబడతారు. నోటి గుండ్రాన్ని చివర్లలో సూదిగా, చేప ఆకారంలో తేలుస్తారు. ఆ చివర్లు ఎంత సన్నగా కనిపించినా గుండ్రంగానే తిరగాలి. వెనక అంచు కనిపించకపోయినా పెన్సిల్‌తో పూర్తిగా తిప్పి గీసి, తర్వాత చెరిపేయండి. ఇంకో సంగతి. నోరు కంటికి దగ్గరి ఎత్తులో ఉంటుంది కాబట్టి అణిగినట్టు కనిపిస్తుంది, అడుగు కిందికి ఉంటుంది కాబట్టి ఆ వంపు ఇంకాస్త గుండ్రంగా కనిపిస్తుంది. అడుగును స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తే చెంబు స్టూలు మీద కూర్చోదు.

తర్వాత షేడింగ్. వెలుగు పడిన చోటు, మధ్య ఛాయ, చిక్కటి నీడ, ఆ నీడలోనే అంచు దగ్గర తిరిగి వచ్చే లేత వెలుగు, తువ్వాలు మీద పడిన నీడ, ఈ ఐదూ వరసగా రావాలి. నీడ అంచులో వచ్చే ఆ లేత వెలుగును దగ్గరకు వెళ్ళి చూడండి. తువ్వాలు ఎరుపు చెంబు పొట్ట మీదకు పాకి ఉంటుంది. రంగులు వేసేటప్పుడు బ్రష్షు జాడ ఎక్కడా కనబడనివ్వకండి. తడిమీద తడి కలిపి నునుపు చేయండి. ఇది మనిషి చేత్తో వేసింది అని తెలియకుండా ఉండటమే అకాడమీ దృష్టిలో పూర్తయిన బొమ్మ.

ఈ నియమాలన్నీ పారిస్‌లో ఒక సంస్థగా గట్టిపడ్డాయి. 1648లో రాజు ఆశ్రయంలో చిత్రకారుల, శిల్పుల అకాడమీ ఏర్పడింది. అక్కడ చేరిన కుర్రవాడు మొదట అచ్చు బొమ్మలు చూసి గీయాలి. తర్వాత పాత గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ అచ్చులు చూసి గీయాలి. అది కుదిరాకే ఎదురుగా కూర్చున్న మనిషిని గీయనిచ్చేవారు. రంగు ముట్టుకోవడం ఆ పైమాట. బొమ్మల విషయాలకు అంతస్తులు కూడా కట్టారు. పురాణం, చరిత్ర, మతం అన్నిటికంటే పైన. వాటి కింద ప్రముఖుల ముఖచిత్రాలు, ఆ కింద రోజువారీ జీవితం, ఇంకా కింద ప్రకృతి దృశ్యాలు. చిట్టచివర మన చెంబూ పళ్ళూ. సాలాన్ అనే ప్రభుత్వ ప్రదర్శనలో చోటు దొరికితేనే చిత్రకారుడికి పేరు, కొనేవాళ్ళు, పూట గడవడం.

మనదాకా అది ఇంగ్లీషు వాళ్ళ ద్వారా వచ్చింది. మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో ఆర్ట్ స్కూళ్ళు మొదలయ్యాయి. మా గంజాం, పర్లాకిమిడి ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రవివర్మ నూనె రంగుల పద్ధతిని మన దేవుళ్ళకు తొడిగి, 1894లో పెట్టిన ప్రెస్సులో అచ్చు వేయించాక అది ప్రతి దేవుడి గదికీ చేరింది. ఈ రోజుకీ మనవాళ్ళు "బొమ్మ బాగా కుదిరింది" అన్నారంటే వాళ్ళ మనసులో ఉన్న కొలబద్ద ఆ లక్ష్మీ సరస్వతుల క్యాలెండరే. దాన్ని తక్కువ చేయకండి. మొదటి షీటు చేతికి వచ్చాక రవివర్మ చీర మడతల ముందు ఐదు నిమిషాలు నిలబడండి, ఆయన చెయ్యి ఎంతటిదో అర్థమవుతుంది.

అకాడమీ కట్టడి ఎందుకు విరిగింది?

రెండో షీటు మొదలుపెట్టే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. 1839లో ఫోటో తీసే పద్ధతి లోకానికి వెల్లడయింది. ఉన్నది ఉన్నట్టు దించే పని కెమెరా చేస్తుంటే, ఇక చెయ్యి చేయాల్సిన పని ఏమిటి? అలాగే 1841లో రంగులకు తగరపు ట్యూబు వచ్చింది. అంతకుముందు నూనె రంగును పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి దాచేవారు, దారిలో పగిలేవి, ఎండిపోయేవి. ట్యూబు మూత బిగించి జేబులో వేసుకుని రైలెక్కి ఊరవతలకు పోయి, ఎండలో కూర్చుని బొమ్మ మొత్తం అక్కడే పూర్తి చేసే వీలు అప్పుడు కలిగింది. ఇజాల గురించి రాసేవాళ్ళు ఈ ట్యూబు గురించి రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. నా లెక్కలో అది సగం కథ.

విషయాల అంతస్తును మొదట కుదిపినవాడు కూర్బే అనే ఫ్రెంచి చిత్రకారుడు. తన ఊళ్ళో ఒక మామూలు అంత్యక్రియను, పురాణ చిత్రాలకు వాడేంత పెద్ద బట్ట మీద వేశాడు. 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన వాళ్ళు తన బొమ్మలు కొన్నిటిని తిప్పి పంపితే, ఆ ప్రదర్శన పక్కనే సొంతంగా ఒక మందిరం కట్టించి పెట్టుకున్నాడు. 1863లో సాలాన్ న్యాయనిర్ణేతలు వేలకొద్దీ బొమ్మలు తిరగ్గొట్టారు. గోల పెద్దదయ్యేసరికి మూడో నెపోలియన్ చక్రవర్తి, తిరస్కరించిన వాటిని వేరే హాలులో పెట్టండి, జనమే చూసుకుంటారు అన్నాడు. జనం వచ్చి నవ్వారు. ఎక్కువగా నవ్వింది మానే అనే చిత్రకారుడు వేసిన వనభోజనం బొమ్మ చూసి. దేవతగా వేస్తే అభ్యంతరం లేని నగ్న స్త్రీ, ఇప్పటి కోటూ ప్యాంటూ వేసుకున్న మగవాళ్ళ పక్కన కూర్చుని తిన్నగా మనవైపే చూస్తోంది. పైగా మధ్య ఛాయలు దాదాపు లేవు. వెలుగు పక్కనే ముదురు. అదే ఏడాది సాలాన్‌లో కాబనెల్ అనే అకాడమీ చిత్రకారుడు వేసిన నున్నటి వీనస్ దేవత బొమ్మను చక్రవర్తి స్వయంగా కొన్నాడు.

పర్లాకిమిడిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆయన పుట్టింది కూడా ఆ 1863లోనే. మా ఊరి రాజావారి బడిలో పాఠాలు చెబుతూ, పండితులు రాసే భాష ఒకటీ, మనుషులు మాట్లాడే భాష ఒకటీ అయిపోయిందని, పిల్లల చేత బతికున్న భాష రాయించాలని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన పోరాడుతున్న రోజుల్లోనే, పారిస్‌లో బొమ్మల మీద అలాంటి తగాదా నడుస్తోంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసింది కాదు. కానీ రెండిటిలో ఒక పోలిక నాకు ఎప్పుడూ ధైర్యాన్నిస్తుంది. పంతులుగారు ముఖలింగం శాసనాలు చదివినవారు, పాత కావ్యాలు పండితుల కంటే లోతుగా వెతికినవారు. మానే ఆరేళ్ళు కూతూర్ అనే అకాడమీ చిత్రకారుడి దగ్గర నేర్చుకున్నవాడు. మానే తర్వాత వచ్చిన సెజాన్ జీవితాంతం లూవ్ర్ మ్యూజియంలో పాత గురువుల పనిని చూసి గీస్తూనే ఉన్నాడు. పికాసో తండ్రి డ్రాయింగ్ మాస్టారు. సంప్రదాయాన్ని దాటినవాళ్ళు దాన్ని పూర్తిగా చదివే దాటారు.

రెండో షీటు: అరుగు మీద ఎండలో

చెంబునూ తువ్వాలునూ తెచ్చి అరుగు మీద ఎండలో పెట్టండి. నలుపు రంగు డబ్బా ఇంట్లోనే వదిలేయండి. పెన్సిల్ కూడా వద్దు. అరగంటలో పూర్తి చేయాలి, ఎందుకంటే ఆ తర్వాత నీడ కదిలిపోతుంది. చెంబు అని మరిచిపోయి, ఎదురుగా కనిపించే రంగు మచ్చలను మాత్రమే కాగితం మీద పెట్టండి. మా పిల్లలు నీడ అనగానే బూడిద రంగు కలుపుతారు. వాళ్ళను లేపి తువ్వాలు దగ్గర కూర్చోబెడతాను. పొద్దున ఎనిమిది గంటల ఎండలో తెల్ల గడి మీద పడిన నీడ నీలంగా, ఊదా కలిసి ఉంటుంది. ఒక్కసారి చూశాక ఇక బూడిద రంగు జోలికి పోరు. మచ్చ పక్కన మచ్చ పెట్టి వదిలేయండి, నునుపు చేయకండి.

వదిలిన నియమం ఏమిటంటే, బ్రష్షు జాడను దాచడం. వీలైతే సాయంత్రం నాలుగింటికి ఇంకో చిన్న కాగితం మీద అదే చెంబును వేయండి. మోనే 1890 ప్రాంతంలో గడ్డివాములను, ఆ తర్వాత రువాన్ చర్చి ముఖభాగాన్ని వేళ మారిన కొద్దీ వేరే బట్ట మీద వేసింది ఇందుకే. వస్తువు అదే, వెలుగు మారితే బొమ్మ వేరు. 1874 ఏప్రిల్‌లో మోనే, రెన్వార్, డెగా, పిసారో, బెర్త్ మొరిజో వంటివాళ్ళు నదార్ అనే ఫోటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో, సాలాన్ దయ అక్కర్లేకుండా సొంత ప్రదర్శన పెట్టారు. మోనే వేసిన సూర్యోదయాన్ని చూసి ఒక పత్రికాయన, సగం తయారైన గోడ కాగితం కూడా ఇంతకంటే పూర్తయినట్టు ఉంటుందని రాశాడు. ఆ బొమ్మ పేరులోని ఇంప్రెషన్ అనే మాటను పట్టుకుని ఆయన చేసిన ఎగతాళే చివరికి వాళ్ళందరి పేరయింది.

మూడో షీటు: రెండో కన్ను తెరవండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన షీటు ఇది, నేర్పడానికి కష్టమైనదీ ఇదే. మళ్ళీ గదిలోకి రండి. సుద్ద గుర్తు మీద కుర్చీ వేసుకోండి. చెంబు పొట్ట అక్కడ కూర్చుని గీయండి. ఇప్పుడు లేచి నిలబడి, పైనుంచి చూస్తూ నోరు గీయండి. అది ఎక్కువ గుండ్రంగా తెరుచుకుని వస్తుంది. రానివ్వండి, సరిదిద్దకండి. కుర్చీని మూరెడు ఎడమకు జరిపి ఎడమ పక్క పండును, స్టూలు అంచును గీయండి. కుడికి జరిపి కుడి పక్క అంచును గీయండి. తువ్వాలుకు అటూ ఇటూ స్టూలు అంచు రెండు వేరు వేరు ఎత్తుల్లో వస్తుంది, కలవదు. పిల్లలు వెంటనే రబ్బరు తీస్తారు. "ఉండనీ బాబూ" అంటాను.

ఇప్పుడు సెజాన్ వేసిన ఆపిల్ బుట్ట బొమ్మను ఫోన్‌లో తెరవండి. అది షికాగో మ్యూజియంలో ఉంది, వేసింది 1893 ప్రాంతంలో. బల్ల ముందు అంచును ఎడమ నుంచి కుడికి వేలితో అనుసరించండి. బట్ట కిందికి వెళ్ళిన అంచు అవతల అదే ఎత్తులో బయటకు రాదు. సీసా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మీ షీటు చేతిలో లేకుండా చూస్తే అది లోపంలా కనిపిస్తుంది. షీటు చేతిలో పెట్టుకుని చూస్తే, ఆయన లేచాడు, వంగాడు, జరిగాడు అని తెలుస్తుంది. మనం నిజంగా ఇంట్లో చెంబును చూసేది అలాగే కదా. ఒక కన్ను మూసుకుని మెడ బిగించి ఎవరూ చూడరు.

రంగు వేసేటప్పుడు షేడింగ్ మానేసి, చదును బ్రష్షుతో చిన్న చిన్న పలకలుగా వేయండి. వెచ్చని రంగు పలక ముందుకు వస్తుంది, చల్లని రంగు పలక వెనక్కి పోతుంది. చెంబు గుండ్రాన్ని నలుపు తెలుపులతో కాకుండా నారింజ నుంచి నీలానికి పలకలు మారుస్తూ తిప్పండి. ప్రకృతిని స్థూపంగా, గోళంగా, శంకువుగా చూసి వేయమని సెజాన్ 1904లో తనకంటే చిన్నవాడైన ఒక చిత్రకారుడికి ఉత్తరం రాశాడు. మన చెంబులో ఆ మూడూ దొరుకుతాయి. అకాడమీ అంతస్తుల్లో అట్టడుగున ఉన్న చెంబూ పళ్ళ బొమ్మలోనే ఇంత పెద్ద మార్పు జరగడం యాదృచ్ఛికం అనుకోను. యుద్ధాన్ని వేస్తే జనం యుద్ధాన్నే చూస్తారు. పండును వేస్తే, దాన్ని ఎలా చూశాడన్నది ఒక్కటే మిగులుతుంది.

నాలుగో షీటు: రంగు

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. గట్టి అవుట్‌లైన్ గీసుకుని, చెంబుకు చెంబు రంగు తప్ప ఏ రంగైనా వేయండి. ఒక్కటే షరతు. పక్క రంగు దాన్ని పెంచాలి, తగ్గించకూడదు. ఇది కళ్ళారా చూడాలంటే బరంపురం పట్టు దుకాణానికి వెళ్ళండి. ఒకే ఆకుపచ్చ అంచును పసుపు చీర మీదా, ఎర్ర చీర మీదా పెట్టి చూపించమనండి. ఎరుపు మీద అదే ఆకుపచ్చ మండిపోతుంది. షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌లో గోబ్లాఁ నేత కార్ఖానాలో రంగుల విభాగం చూసేవాడు. దారం రంగులో లోపం లేకపోయినా పక్క రంగు వల్ల వెలవెలబోతోందని అక్కడే కనిపెట్టి 1839లో పుస్తకం వేశాడు. సెరా వంటి చిత్రకారులు దాన్ని శ్రద్ధగా చదివారు. 1905లో మాతిస్ అనే చిత్రకారుడు తన భార్య ముఖం మధ్యలో నుదుటి నుంచి కిందికి ఆకుపచ్చ చార వేశాడంటే, ఆ చార ఒక పక్క గులాబినీ ఇంకో పక్క పసుపునూ నిలబెట్టే పని చేస్తోంది. చారను వేలితో కప్పి చూడండి, ముఖం చప్పబడిపోతుంది.

ఐదో షీటు: కత్తెర, జిగురు

మా ఊళ్ళో ఇంటింటా ఒడియా పేపరూ తెలుగు పేపరూ రెండూ దొరుకుతాయి. ఈ షీటుకు రెండూ కావాలి. చెంబును ముందు నుంచి, పైనుంచి, పక్క నుంచి మూడు చిన్న కాగితాల మీద గీసుకోండి. మూడిటినీ కత్తిరించి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా పేర్చండి. తువ్వాలుకు బదులు పేపరు ముక్క అంటించండి, లేదా నిజం గళ్ళ గుడ్డ ముక్కే అంటించండి. పైన 6బితో నాలుగు గీతలు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఒడియా పేపరు నుంచి చెంబు పొట్టను, తెలుగు పేపరు నుంచి నీడను కత్తిరించింది. రెండు లిపుల్లోనూ గుండ్రాలే కాబట్టి దూరం నుంచి ఒకే బూడిద రంగులా ఉంది. దగ్గరకు వెళితే ఒడియా అక్షరం పైకప్పు వరసలు పొట్టకు అడ్డంగా వంపులు కట్టాయి. షేడింగ్ లేకుండానే చెంబు గుండ్రమైంది. "ఇదెలా వచ్చింది మేస్టారూ?" అని ఆ అమ్మాయే నన్ను అడిగింది. పేపరును కాస్త ఏటవాలుగా తిప్పి కత్తిరించావమ్మా, అందుకే అన్నాను.

పికాసోతో కలిసి క్యూబిజం దారి తీసిన బ్రాక్ 1912లో అవిన్యాఁలో ఒక దుకాణంలో చెక్క గీతలు అచ్చువేసిన గోడ కాగితం చూసి కొనుక్కొచ్చి బొగ్గు బొమ్మ మీద అంటించాడు. అదే ఏడాది పికాసో, కుర్చీ పేము అల్లిక అచ్చువేసిన గుడ్డను బొమ్మలో అతికించి, చుట్టూ ఫ్రేముకు బదులు నిజం తాడు కట్టాడు. బొమ్మ అంటే లోకంలోకి తెరిచిన కిటికీ అన్న పాత నమ్మకం అక్కడ ఆగిపోయింది. అప్పటి నుంచి బొమ్మ కూడా స్టూలు, చెంబు వంటి ఒక వస్తువే.

ఈ దారిలో ఒక హెచ్చరిక చెప్పాలి. పికాసో 1907లో పారిస్‌లోని ఒక మ్యూజియంలో ఆఫ్రికా ముసుగులు చూసి కదిలిపోయాడు. ఆ ఏడాదే వేసిన ఐదుగురు స్త్రీల బొమ్మలో రెండు ముఖాలు అలా మారాయి. ఇది చదివిన మా పిల్లలు వెంటనే ఇక్కడి సవర గిరిజనుల గోడ బొమ్మలను, అంటే ఇడితాల్‌ను, గ్రీటింగ్ కార్డు మీదకు దించేస్తారు. ఆగండి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, పుల్ల కుంచెతో వేసే ఆ బొమ్మ పితరుల కోసం, జబ్బు పోవడానికి, పంట కోసం వేసేది. అది అకాడమీని ఎదిరించలేదు, దానికి అకాడమీతో పనే లేదు. త్రికోణాల మనుషులను కాపీ కొట్టడం కంటే, గుణుపురం వైపు ఊళ్ళలో పెద్దలను అడిగి, వాళ్ళు సరేనంటే ఆ గోడ ముందు కూర్చుని, చతురస్రం లోపల మనుషులను ఎలా సర్దారో, ఖాళీ ఎక్కడ వదిలారో చూడండి. వేసిన మనిషి పేరు అడిగి రాసుకోండి. పారిస్‌లో ఆ ముసుగులు చెక్కినవాళ్ళ పేర్లు ఎవరూ అడగలేదు.

మన దేశంలో అకాడమీ కట్టడి విరిగిన తీరు కూడా వేరు. పారిస్ వాళ్ళు తమ ఇంటి పెద్దలతో తగాదా పడ్డారు. మనకు అకాడమీయే ఓడెక్కి వచ్చింది. కాబట్టి దాన్ని వదలడమంటే మనదేమిటో వెతుక్కోవడం కూడా అయింది. కలకత్తాలో ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాల్ హావెల్, చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ మొఘలు చిత్రాల వైపు, అజంతా వైపు తిరిగారు. మన రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు బొంబాయిలో అకాడమీ చదువు చదివి, తెలుగు నేల మనుషులను మెత్తటి గీతలో పట్టుకుని, ముప్పై నిండకుండానే 1925లో పోయాడు. జామినీ రాయ్ నూనె రంగుల ముఖచిత్రాలు వేసి పేరు తెచ్చుకున్నాక అవి వదిలి బెంగాలు పల్లె పటాల గీత అందుకున్నాడు. అమృతా షేర్‌గిల్ పారిస్ అకాడమీ బడిలోనే చదివి, 1934లో తిరిగొచ్చి, అజంతా చూసి, దక్షిణాది తిరిగి, 1937లో "బ్రహ్మచారులు" అనే బొమ్మ వేసింది. ఆమె బొమ్మల్లో సెజాన్ పలకలూ అజంతా ఎరుపూ ఒకే చోట కనిపిస్తాయి. మూడో షీటు వేసినవాళ్ళకు అది చప్పున తెలిసిపోతుంది.

ఆరో షీటు: చెంబు లేకుండా

ఐదు షీట్లనూ గోడకు వరసగా తగిలించండి. చెంబును తీసి లోపల పెట్టేయండి. ఇప్పుడు ఆ ఐదిటిలో మీకు బాగా కుదిరిందనిపించిన వంపును, ఒక రంగు జంటను, ఒక ఖాళీని తీసుకుని, వస్తువు ఏదీ లేకుండా కాగితం నింపండి. బరువు ఒక పక్కకే వాలిపోయిందా అని తలకిందులుగా తిప్పి చూడండి. రష్యా చిత్రకారుల్లో కాండిన్‌స్కీ 1910 తర్వాత ఈ దారి పట్టాడు, మలేవిచ్ 1915లో ఒట్టి నల్ల చతురస్రం దాకా వెళ్ళాడు. 1922 డిసెంబరులో కలకత్తాలో జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడికి చెందిన కాండిన్‌స్కీ, క్లే వంటి చిత్రకారుల బొమ్మలు గగనేంద్రనాథ్ ఠాగూర్ వంటి మనవాళ్ళ బొమ్మలతో కలిపి ప్రదర్శించారు. చిన్నపిల్లలు ఈ షీటును సునాయాసంగా వేస్తారు. పెద్దలు ఇబ్బంది పడితే తొందరపెట్టకండి, ఐదో షీటే ఇంకోసారి వేయనివ్వండి.

ఇక అసలు బొమ్మలు చూడటానికి బయలుదేరండి. ఫోన్‌లో బ్రష్షు మందం తెలియదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గదుల్లో అకాడమీ పనితనం, భారతీయ చిత్రాల గదిలో రవివర్మ దొరుకుతారు. రాజమండ్రిలో దామెర్ల పేరుతోనే గ్యాలరీ ఉంది. భువనేశ్వర్‌లో లలిత కళా అకాడమీ కేంద్రంలో ఇప్పటివాళ్ళ ప్రదర్శనలు పెడతారు, మాకు అదే దగ్గర. ప్రతి బొమ్మ ముందు ఒక చిన్న పుస్తకంలో మూడు సంగతులు రాసుకోండి. ఏ నియమం ఉంచాడు, ఏది వదిలాడు, వదిలినందుకు ఏం దొరికింది. మూడో దానికి జవాబు దొరకని బొమ్మలూ ఎదురవుతాయి. అలాంటప్పుడు మొహమాటపడకుండా "ఏమీ దొరకలేదు" అని రాయండి. అన్ని ఆధునిక చిత్రాలూ మంచివి కావు, అన్ని అకాడమీ చిత్రాలూ మంచివి కానట్టే.

చెంబు అయ్యాక మనిషి ముఖంతో ఈ ఆరు షీట్లూ మళ్ళీ వేయండి. ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టేటప్పుడు ముందుగా మొదటి షీటు చూపించి, తర్వాతవి పోలికగా రావని చెప్పి ఒప్పించుకోండి. మూడో షీటుకు వాళ్ళు కదలకుండా ఉండనక్కర్లేదు, కబుర్లు చెప్పుకోవచ్చు. కదలాల్సింది మీరే.